బావ బిగించిన బేరింగులు

జీపు డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ మీటరు చిన్నది, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. నేను బండి నడిపినన్నాళ్ళూ రోడ్డుతో సమానంగా దాన్నే చూసేవాణ్ణి. ఇంజనులో నూనె సరిగ్గా తిరుగుతుంటే ముల్లు పైకి లేచి నిలబడుతుంది. నూనె అందకపోతే పడిపోతుంది. పడిన ముల్లును లెక్కచేయకుండా ఇంకో రెండు మైళ్ళు పోనిస్తే లోపల ఇనుమును ఇనుము తినేసి బండి అక్కడే చస్తుంది. దాని సంగతి ఇంతే. ఇంత చిన్న సంగతిలో ఒక్క అబద్ధం ఆడి మా బావ చేతిపనిని నేను ఎట్లా చంపుకున్నానో చెప్పాలి. చెబితే ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. వినాల్సిన మనిషి లేడు.

బావ అంటే మా అక్క మొగుడు. భద్రాచలంలో చర్ల పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. వెదురు లారీలు, అడవిలో తిరిగే జీపులు, ఒకటేమిటి, ఆ రోడ్డు మీద పొగ వదిలే ప్రతి బండీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతుల్లో పడి లేచిందే. పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ మేస్త్రీయే. ఇంజనులో క్రాంక్ అనే ఇనుప కడ్డీ తిరుగుతుంది. దాన్ని పట్టుకుని ఉండేవి బేరింగులు. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. సందు ఎక్కువైతే నూనె పక్కలకు కారిపోయి ప్రెషరు పడిపోతుంది. తక్కువైతే కడ్డీ పట్టేస్తుంది. ఆ సందును కొలవడానికి మా బావ దగ్గర ఉన్న కొలబద్ద సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం. దాన్ని సన్నగా చించి, బేరింగు మీద పరిచి, బోల్టులు బిగించి, క్రాంకును చేత్తో తిప్పేవాడు. కాగితం ఉన్నప్పుడు కాస్త పట్టాలి, తీసేస్తే జారిపోవాలి. ఆ పట్టు ఎంత అనేది ఆయన మణికట్టుకు తెలుసు. ఇంకొకరికి చెప్పమంటే ఆయనకూ చేతకాదు.

నేను చెప్పే నాటికి ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అంటే వణుకు. ఎవరికో వికటించిందని విన్నాడట, ఇక దవాఖానా పేరెత్తనిచ్చేవాడు కాదు. ఏడాది నుంచి ఇంజను పనులు ఒప్పుకోవడం మానేసి, క్లచ్ వైర్లు, బ్రేకులు, చిన్నాచితకా పనులతో పొద్దుపుచ్చుతున్నాడు. సరిగ్గా అప్పుడే నేను సర్కారు వేలంలో పాత డీజిల్ జీపు కొన్నాను. భద్రాచలం నుంచి చర్ల వైపు, మధ్యలో అడవి ఊళ్ళకు మనుషుల్ని ఎక్కించుకుని తిప్పాలని ఆశ. బండి బాడీ బాగుంది, ఇంజను మాత్రం ఎముకలు తేలిన ముసలి ఎద్దులా ఉంది. పోయి బావ కాళ్ళావేళ్ళా పడ్డాను.

"నాకు కనిపిస్తలేదు బామ్మర్ది. కొత్తగూడెం తోల్కపో" అన్నాడు.

"నీకు కళ్ళతోని పనేంది బావా? చేత్తోనే గదా చేసేది" అన్నాను.

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. దసరా ముందు మొదలుపెట్టి ఇరవై రోజులు తీసుకున్నాడు. ప్రతి ముక్కనూ కిరసనాయిల్‌లో కడిగి, వేళ్ళతో తడిమి, మళ్ళీ కడిగి, గుడ్డ మీద వరసగా పెట్టుకునేవాడు. అక్క మధ్యాహ్నం అన్నం తెచ్చి పెడితే అది ఆరిపోయేదాకా చూసేవాడు కాదు. ఆఖరి బోల్టు బిగించిన రోజు ఆయన నాతో, అక్క వింటుండగా, ఒక మాట అన్నాడు.

"ఈ బండి ఎండాకాలం దాకా ముల్లు దించకుండ తిరిగిందనుకో, నా చెయ్యి ఇంకా ఉన్నట్టు. మళ్ళ ఇంజన్ల పని పడ్త. దించిందా, పానాలు కింద పెడ్త. ఇగ ముట్ట."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో, జాగ్రత్తగా తిప్పు, అని ఉంది. "నాది పూచీ అక్కా" అన్నాను. ఆ నోరు అప్పుడే పడిపోయినా బాగుండేది.

ఇంజనులో ఏం పోయాలో కూడా ఆ రోజే చెప్పాడు. ఇంజన్ ఆయిల్ తప్ప ఇంకో చుక్క తగలకూడదు. నెలకు ఇన్ని ట్రిప్పులయ్యాక నూనె మార్చాలి. మార్చేటప్పుడు బండిని కాసేపు నడిపి, ఇంజను వేడి మీద ఉండగానే పాత నూనె దించాలి. చల్లగా ఉన్నప్పుడు దించితే మురికి అడుగునే ఉండిపోతుంది. ఇవన్నీ నేను చిన్నపిల్లాడిలా తలూపుతూ విన్నాను.

బండి బాగా తిరిగింది. నిజంగా ఎంత బాగా తిరిగిందంటే, నేను గర్వంతో కొవ్వెక్కిపోయాను. ముల్లు మీటరు మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడేది. కార్తీకం గడుస్తుండగా ఒక సంతరోజు, ఎనిమిది మందిని ఎక్కించుకుని లోపలి ఊరికి పోతుంటే, వాగు దాటేచోట అడుగున రాయి తగిలింది. శబ్దం వినపడింది కానీ ఆపలేదు. మరో మైలు పోయాక చూస్తే ముల్లు కిందికి జారుతోంది. వెంటనే ఇంజను ఆపాను, అంతవరకు బుద్ధి పనిచేసింది. కిందికి దూరి చూస్తే ఇంజను అడుగున నూనె నిలిచే సంపు, నూనె దించే బోల్టు పక్కన పగిలి, నల్లగా చుక్కలు కారుతున్నాయి. డిప్‌స్టిక్ తీసి తుడిచి ముంచితే కొసన కూడా తడి అంటలేదు.

కారడం ఆపడం డ్రైవర్లకు తెలిసిన పనే. బట్టల సబ్బు ముక్కను మెత్తగా నలిపి పగులులో కూరి, పైన గుడ్డ కట్టాను. మరి నూనె? అడవిలో నూనె ఎక్కడ దొరుకుతుంది? బండిలో ఒక కోయ ముసలమ్మ ఉంది. సంతలో కొంత అమ్మగా మిగిలిన ఇప్పనూనె సొరకాయ బుర్రలో నిండుగా పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. వాళ్ళు దీపానికీ అదే, కూరకీ అదే, ఒంటికీ అదే వాడతారు. నేను చేతులు నలుపుకుంటుంటే ఆమె దిగివచ్చి బుర్ర నా ముందు పెట్టింది. పోయమని సైగ చేసింది.

పోశాను. మొత్తం పోశాను. ముసలమ్మ తనకు వచ్చిన తెలుగులో ఒకటే మాట చెప్పింది. "చలికి గడ్డ కడ్తది అయ్యా. పొయ్యికాడ పెట్టాలె."

"ఇంజనే పెద్ద పొయ్యి అవ్వా" అని నవ్వాను. బండెక్కినవాళ్ళంతా నవ్వారు. స్టార్ట్ చేస్తే ముల్లు లేచింది. ఇప్పనూనెతో జీపు నడిపిన మొనగాణ్ణని నా భుజాలు నేనే చరుచుకున్నాను. అందరినీ ఎవరి ఊళ్ళో వాళ్ళను దింపి సాయంత్రానికి ఇల్లు చేరాను. దారి పొడుగునా ఇప్ప వాసన.

ఇంటికి రాగానే బావ దగ్గరికి పోవాల్సింది. పోలేదు. ఆయన ఇరవై రోజులు కడిగి కట్టిన ఇంజనులో నేను దీపాల నూనె పోశానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పైగా షెడ్డులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు లారీ డ్రైవర్లు కూర్చుని ఉంటారు. మరునాటికల్లా నా బండికి ఇప్పనూనె బండి అని పేరు పెడతారు. అందుకని తెల్లారగట్ల, బావకు తెలియకుండా, మా ఇంటి వెనక నేనే నూనె మార్చేశాను. చలి బాగా ఉంది. బండిని నడపలేదు, వేడి చేయలేదు. చప్పుడైతే ఎవరైనా చూస్తారని భయం. బోల్టు విప్పితే నల్ల నూనె కాసేపు కారి, చుక్కలై, ఆగిపోయింది. ఆరు లీటర్ల దాకా రావాలి, డబ్బా సగానికి కాస్త పైన నిండింది. మిగతాది రోడ్డు మీద కారిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మిగతాది సంపు అడుగున నెయ్యిలా పేరుకుని కూర్చుందని నా బుర్రకు తట్టలేదు. ముసలమ్మ చెప్పింది కదా, విన్నాను కదా, నవ్వాను కదా. సంపు పగులును పక్క వీధిలో వెల్డింగు చేయించి, కొత్త నూనె పోసి, పీడా పోయిందనుకున్నాను.

నెల పైన బండి బాగానే తిరిగింది. పుష్యమాసం చలిలో ఒకరోజు ముల్లు మామూలుకంటే కిందికి నిలబడింది. తర్వాతి రోజు ఇంకాస్త కిందికి. ఎండాకాలం ఇంకా రానేలేదు. బండిని నెమ్మదిగా నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చాను.

బావ గాభరా పడలేదు. పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. ముందు మీటరే తప్పు చూపిస్తోందేమోనని, తన దగ్గరున్న ఇంకో మీటరు తగిలించాడు. అదీ కిందనే. నూనె మట్టం చూడమన్నాడు. సరిగ్గానే ఉంది. డిప్‌స్టిక్ చివర వాసన చూశాడు, నూనెలో డీజిల్ కలిసి పల్చబడిందేమోనని. లేదు. పక్కనున్న ప్రెషర్ వాల్వు స్ప్రింగు విప్పి వేళ్ళతో నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. అప్పుడు నన్ను సీట్లో కూర్చోబెట్టి ఇంజను స్టార్ట్ చేయించాడు. ముల్లు ఆయనకు కనిపించదు. నేనే చూసి చెప్పాలి.

"రేస్ చెయ్యి. ముల్లు ఎక్కుతున్నదా, దిగుతున్నదా?"

"దిగుతున్నది బావా."

"బేరింగు లూజైతే రేస్ చేసినప్పుడు ఎక్కాలె. దిగుతున్నదంటే పంపుకు నూనె అందుతలేదు. కింద నూనె వడగట్టే జాలి మూసుకపోయినట్టుంది" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "ఏమన్నా పోసినవా?"

షెడ్డులో ఇద్దరు లారీ డ్రైవర్లు టీ తాగుతున్నారు. అక్క గ్లాసులకోసం నిలబడి ఉంది. ఆ నూనె ఎప్పుడో దించేశాను కదా, ఇంకా దానికీ దీనికీ ఏం సంబంధం అని లోపల నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

"లేదు" అన్నాను.

"మంచిగ యాదిచేస్కో. ఇంజన్ ఆయిల్ తప్ప ఇంకేమన్నా?"

"ఎన్నిసార్లు అడుగుతవు బావా? లేదంటే నమ్మవా?" అని కసిరాను. అబద్ధం ఆడినవాడికి కోపం ఎంత తొందరగా వస్తుందో ఆ రోజే తెలుసుకున్నాను. డ్రైవర్లు గ్లాసులు పక్కన పెట్టి మమ్మల్నే చూశారు.

బావ తల ఊపాడు. బానెట్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆయన ఏం లెక్క వేస్తున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. కాసేపటికి ఆయనే చెప్పాడు. "ఆ జాలి నేనే కడిగి పెట్టిన. బయటి చెత్త పోలేదంటివి. ఇగ దాన్ని మూసేటిది ఒక్కటే. బేరింగు పొట్టు రాలుతున్నది. నేను వంకరగ బిగించినట్టున్న, అరుగుతున్నది."

"సంపు తెరిచి చూద్దాం బావా" అన్నాను.

"తెరిస్తే నాకేం కనిపిస్తది? కనిపించక ఒకసారి చెడగొట్టిన. మళ్ళ చెడగొట్టమంటవా? కొత్తగూడెం తోల్కపో."

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. అందరి ముందూ కసిరిన నోటితో, లేదు బావా, నేనే పోశాను, అనడానికి ముఖం చెల్లలేదు. కొత్తగూడెంలో చూపించాక తెలుస్తుందిలే, బేరింగులే అయితే నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే కదా, అనుకున్నాను. నా మనసు అంత నీచమైన మూల వెతుక్కుంది.

జీపును ఒక లారీకి తాడుతో కట్టి, గోదావరి బ్రిడ్జి మీదుగా కొత్తగూడెం లాక్కుపోయాము. అక్కడి మేస్త్రీ తనకు తీరిక దొరికిన మూడోరోజు సంపు దించాడు. జాలి కనబడలేదు. దానిమీద గోధుమరంగు బంక మందంగా, పాకం మాడినట్టు అంటుకుని ఉంది. మేస్త్రీ వేలితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది ఇప్పనూనె గదయ్యా. ఏ తెలివిగల్లోడు పోసిండు?"

నేను నేల చూశాను. ఆయన నవ్వుకుంటూ ఒక బేరింగు మూత విప్పి వేలితో రాసి చూశాడు. నవ్వు ఆపాడు. ఇంకోటి విప్పాడు. "ఎవరు కట్టిండ్రు ఈ ఇంజను? ఒక్క గీత గూడ పడలేదు. ఇట్ల కట్టేటోళ్ళు ఇప్పుడు లేరు" అన్నాడు. మూతలు ఎట్లా ఉన్నవి అట్లాగే మళ్ళీ బిగించాడు. జాలిని, సంపును కిరసనాయిల్‌తో కడిగి, కొత్త నూనె పోసి స్టార్ట్ చేశాడు. ముల్లు ఎప్పటిలాగే మధ్యకు వచ్చి నిలబడింది. దాన్ని చూసి ఏడుపొచ్చింది. బంక అంతా మురికి కాలవలో కలిసిపోయింది. చిటికెడు కాగితంలో కట్టి తెచ్చుకోవాలనే ఆలోచన కూడా రాలేదు నాకు.

తిరిగి వస్తున్నంతసేపూ ఎట్లా చెప్పాలా అని లోపల వల్లెవేసుకున్నాను. ఎట్లా చెబితేనేం, కాళ్ళమీద పడితే పోతుంది, తిడతాడు, కొడితే కొడతాడు, మళ్ళీ పానా పట్టుకుంటాడు. బ్రిడ్జి దాటేసరికి నాకు కాస్త ధైర్యం కూడా వచ్చింది.

మధ్యాహ్నం షెడ్డు ముందు బండి ఆపాను. షెడ్డు లోపల గోడకు మేకులు ఉన్నాయి, మేకులకు ఏమీ లేవు. అక్క బయటికి వచ్చింది. "పానాలన్నీ ఎదుటి పంక్చరాయనకు ఇచ్చేసిండు. నువ్వు పోయిన రోజే. నేనెంత చెప్పినా వినలే. రెండు రోజుల నుంచి బువ్వ సరిగ తింటలేడు" అంది. ఆమె గొంతులో నామీద కోపం లేదు. ఉంటే బాగుండేది.

బావ లోపల బల్లమీద కూర్చుని ఉన్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ చేతుల్ని అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. నేను ఆయన ముందు నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. వాగు, రాయి, సబ్బు, ముసలమ్మ, సొరకాయ బుర్ర, తెల్లారగట్ల చలిలో నూనె దించడం, జాలికి పట్టిన బంక, కొత్తగూడెం మేస్త్రీ అన్న మాట, ఏదీ దాచలేదు. నీ బేరింగులు చెక్కుచెదరలేదు బావా, నేనే దొంగముండాకొడుకును, అన్నాను.

ఆయన అంతా విన్నాడు. చివర చిన్నగా నవ్వాడు.

"అక్క చెప్పమన్నదా?"

"ఎవరూ చెప్పమనలేదు. నిజం బావా. కావాలంటే ఆ మేస్త్రీని అడుగు."

"ఆయన నీ మాట తీసేస్తడా? నువ్వు బతిమిలాడితే అట్లనే అంటడు." నా తలమీద చెయ్యి వేశాడు. "చూడు బామ్మర్ది. ఆ రోజు రెండుసార్లు అడిగిన. రెండుసార్లు లేదన్నవు. నువ్వు నాకెప్పుడన్నా అబద్ధం చెప్పినవా? చెప్పవు. నా మనసు కష్టపడొద్దని ఇప్పుడు చెప్తున్నవు. గంతే."

నేను అక్క మీద ఒట్టు వేశాను. నా పిల్లల మీద వేయబోతే చేత్తో నా నోరు మూశాడు. మనిషిని నమ్మించలేకపోవడం ఎంత నరకమో నేను వర్ణించలేను. నా మీద ఆయనకున్న నమ్మకమే నాకు అడ్డం వచ్చి నిలబడింది.

ఇక చేత్తో చూపించడం ఒక్కటే మిగిలింది. పంక్చరాయన దగ్గరికి పోయి పానాలు అడిగి తెచ్చాను. మళ్ళీ సంపు దించాను. ఒక బేరింగు మూత విప్పాను. సిగరెట్టు పెట్టె కొని, వెండి కాగితం సన్నగా చించి తెచ్చి బావ చేతిలో పెట్టాను. "నువ్వే చూడు. నీ మణికట్టుకు తెలుస్తది గదా" అన్నాను. రానన్నాడు. అక్క కూడా అడిగింది. ఇద్దరం రెండు రెక్కలూ పట్టుకుని తెచ్చినట్టే తెచ్చాము.

గోనెసంచి పరిస్తే బండి కిందికి వెల్లకిలా జరిగాడు. నేను పక్కన పడుకున్నాను. కాగితాన్ని తడుముకుంటూ పరిచాడు. మూత పెట్టి బోల్టులు బిగించాడు. ఆ వేళ్ళు దేన్నీ వెతుక్కోలేదు, దేనికది తెలిసినట్టు పోయాయి. క్రాంకును పట్టుకుని తిప్పాడు. కాస్త పట్టింది. కాగితం తీసి మళ్ళీ బిగించి తిప్పాడు. జారింది. ఇంకోసారి తిప్పాడు. ఆయన ముఖంలో వెలుగు కనిపించింది.

"ఎంత మంచిగ కూర్చోబెట్టిండు" అన్నాడు. "ఆ కొత్తగూడెమాయన చెయ్యి మంచిది బామ్మర్ది. కొత్త బేరింగులు ఇట్ల కట్టాలంటే ఆషామాషీ కాదు. ఇగ నీ బండికి ఢోకా లేదు. ఎప్పుడన్నా ఆయన కాడికే తీస్కపో."

ఇవి కొత్తవి కావు, నీవే, అని మరోసారి అన్నాను. సరేలే, అన్నట్టు నా భుజం తట్టాడు. ఆయన చెయ్యి నూనెతో తడిసి, నా పక్కనే, గుడ్డకోసం నేలమీద తడుముకుంటోంది.

"అవ్ బావా" అన్నాను. "మంచి చెయ్యి."

గుడ్డ తీసి అందించాను. ఆయన ఒక్కొక్క వేలూ తుడుచుకుని, పానాలు పంక్చరాయనకు ఇచ్చిరమ్మన్నాడు.